నీరుగంటి చేను

పట్టుపురుగుల షెడ్డులో నిద్రపోతున్న టమాటా మొక్కను మొట్టమొదటిసారి చూసిన రోజున చెంగలరాయుడు అక్కడే కసువు ఊడుస్తున్నాడు.

కొత్తబండపల్లెలో ఆ షెడ్డు ఐదేళ్ళుగా ఖాళీగా ఉండేది. పట్టుగూళ్ళ పని కలిసిరాక కట్టినవాళ్ళు తాళం వేసుకుని వెళ్ళిపోయారు. తర్వాత డాక్టర్ తస్లీమ్ వచ్చి దాన్ని అద్దెకు తీసుకుంది. మదనపల్లె మండీలో టమాటా బాక్సులు మోసి మోసి నడుం వంగిన హమాలీ కూతురామె. బెంగళూరులో మొక్కల శాస్త్రం చదివి, అక్కడి ఉద్యోగం వదులుకుని ఈ రేకుల కప్పు కిందికి వచ్చింది. ఒకప్పుడు పురుగుల తట్టలు పెట్టిన అరల్లో ఇప్పుడు టమాటా మొక్కలు వరుసగా నిలబడ్డాయి. పొద్దున రెండు గంటలు ఊడ్చి, నీళ్ళు పట్టి, కుండీలను ఎండకు జరిపే పని చెంగలరాయుడిది. మిగతా పొద్దంతా కౌలుకు తీసుకున్న ఎకరన్నర టమాటా చేలో ఉంటాడు.

“అన్నా, చీపురు ఆడ పెట్టి ఒకసారి ఇట్ల రా,” అని పిలిచింది తస్లీమ్.

బల్ల మీద గాజుపెట్టె ఉంది. లోపల రెండు టమాటా కొమ్మలు. ఒకటి మామూలుగా పచ్చగా ఉంది. రెండోదాని ఆకులు లోపలికి ముడుచుకుని బూడిద పూసినట్టున్నాయి. ఆమె ఒక గొట్టం మూత తీసి పెట్టెలోకి విదిలించింది. నువ్వుగింజల్లాంటి రెక్కల పురుగులు ఓ ఇరవై దాకా ఎగిరాయి. చెంగలరాయుడు వాటిని చూడగానే గుర్తుపట్టాడు. ఊజీ. ఆకులో సొరంగాలు తవ్వి, కాయకు సూదిబెజ్జాలు పెట్టి పోయిన ఏడు అతని చేనును సగం తిన్నది ఈ పురుగే.

పురుగులన్నీ పచ్చకొమ్మ మీద వాలాయి. రెండు మాత్రం ముడుచుకున్న కొమ్మ మీదుగా పాకాయి. రాతి మీద పాకినట్టు పాకి, మళ్ళీ ఎగిరి పచ్చకొమ్మకే చేరాయి.

“దీనికేం మందు కొట్టినారు మేడం?”

“మందు కాదన్నా. పండుకోబెట్టినా.”

కొండబండల మీద ఎండాకాలం పొడిగా రాలిపోయేటట్టుండి, వాన చినుకు పడగానే పచ్చబడే నాచు ఒకటుంటుంది. దాన్నుంచి తీసిన రసమది. డ్రిప్పు నీళ్ళలో కలిపి వేళ్ళకు పడితే చెట్టు ఊపిరి బిగబట్టి నిద్రపోతుంది. ఊపిరి వాసన లేకపోతే పురుగుకు అది చెట్టని తెలియదు. కొమ్మకున్న కాయ పెరగదు, పండదు, కుళ్ళదు. లేపడానికి వేరే నీళ్ళున్నాయి. అవి పట్టిన మూడో రోజుకు ఆకు విచ్చుకుంటుంది.

“అంటే, అందరికీ ఒకేసారి కాయ రాకుండా ఆపొచ్చా?” అని అడిగాడు చెంగలరాయుడు.

తస్లీమ్ గొట్టం మూత బిగించింది. “నేను పురుగు కోసం మొదలుపెట్టినా అన్నా. మా నాయన కూడా మొన్న నీ మాదిరే అడిగినాడు. ఇరవై ఒక్క రోజుల దాకా భయం లేదు. ఆ పైన పెట్టిన చెట్లు కొన్ని లేచినాయి, కొన్ని లేవలేదు.”

ఇంటికి పోయి భార్య సిద్ధమ్మకు చెప్పాడు. ఆమె గంగమ్మ పటానికి పూలు పెడుతూ చేయి ఆపింది.

“చెట్టును పండుకోబెట్టేదా? అది దేవుడు చేసే పని కదయ్యా?”

“మన పాపను ఉయ్యాల్లో వేసి పండుకోబెట్టింది నువ్వే గదా. దేవుడేమన్నా కోప్పడినాడా?”

సిద్ధమ్మ నవ్వింది గానీ ఒప్పుకోలేదు. “ఉయ్యాల్లో వేసినోళ్ళకు లేపేది గూడా తెలిసుండాల.”

చెట్టుకు ఇలాంటి నిద్రను దేవుడు ఇవ్వలేదా, లేక ఇచ్చి మనిషికి చెప్పకుండా దాచాడా అన్నది చెంగలరాయుడికి ఎంత ఆలోచించినా తేలలేదు.

మొదటి పంట ఎలా పాడయిందో చెప్పుకోవాలి.

ఊళ్ళో ముప్పై ఐదు టమాటా చేలున్నాయి. అందరూ నిద్రనీళ్ళు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఎవరి చేను ఏ రోజు లేవాలో తస్లీమ్ కంప్యూటరు లెక్కకట్టి అందరి ఫోన్లకూ పంపింది. రోజుకు రెండు చేలు. లేపే నీళ్ళ క్యాను ఎవరిది వాళ్ళ ఇంట్లోనే పెట్టుకున్నారు. మూడు రోజులు ఊరంతా బూడిదరంగు చేలతో చల్లగా, ఒద్దికగా ఉంది.

నాలుగో రోజు మండీలో బాక్సు ఏడొందలు పలికిందని కబురొచ్చింది.

ఆ మధ్యాహ్నం అన్నాల వేళ, చేలల్లో ఎవరూ ఉండని సమయం చూసుకుని, చెంగలరాయుడు తువ్వాలు కింద క్యాను దాచుకుని గట్టెక్కాడు. ఒక్క మన చేను లేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. గట్టు మలుపులో సహదేవరెడ్డి ఎదురయ్యాడు. అరవై ఏళ్ళ పెద్దమనిషి, పది ఎకరాల ఆసామి. ఆయన చంకలో గోనెసంచి, సంచిలో క్యాను.

“యాడికి రెడ్డీ, ఎండలో?”

“ఊరికే. డ్రిప్పు పైపు కారతాందంటే చూద్దామని. నువ్వు?”

“నాదీ కారతాండాది.”

ఇద్దరూ పక్కకు తలతిప్పి చూశారు. అవతలి గట్టు మీద ఇంకో నలుగురు. దాని అవతల ఆడవాళ్ళు ముగ్గురు, అన్నం బుట్టల్లో క్యాన్లతో. ఊరి పైపులన్నీ ఒకే రోజు, ఒకే గంటలో కారుతున్నాయి.

నవ్వుకున్నారు గానీ ఎవరూ వెనక్కి తిరగలేదు. పక్కవాడు లేపాడని తెలిశాక ఆగేవాడెవడు? పదిరోజులకు ఊరి కాయంతా ఒక్కసారిగా ఎర్రబడింది. అదే వారం చుట్టుపక్కల ఊళ్ళ కాయ కూడా దిగింది. బాక్సు అరవైకి పడింది. కోతకూలి కూడా రాదని కాయను రోడ్డు పక్కన పారబోశారు. ఆవులు కూడా తిని తిని మొహం తిప్పుకున్నాయి.

చెంగలరాయుడికి కౌలుకిచ్చిన భూమి ఆసామి మోటారు సైకిలు మీద వచ్చి, పారబోసిన కాయ పక్కనే బండి ఆపాడు.

“ఇంకొక్క పంట చూస్తా చెంగలరాయా. నాకు నీ మీద కోపం లేదు. కోళ్ళఫారం వాళ్ళు అడుగుతాండారు. ఈసారీ ఇట్లనే అయితే షెడ్డు కట్టుకోమని ఇచ్చేస్తా.”

పదకొండేళ్ళుగా రాళ్ళు ఏరి, పేడ మోసి, సిద్ధమ్మా అతనూ నల్లగా చేసుకున్న నేల అది. షెడ్డు పునాది లేస్తే ఆ మన్ను మళ్ళీ మన్ను కాదు.

మర్నాడు షెడ్డుకు పోయేసరికి తస్లీమ్ గాజుసీసాలు కాగితాల్లో చుట్టి అట్టపెట్టెల్లో సర్దుతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“కంప్యూటరు లెక్కలో తప్పు లేదన్నా. మూడుసార్లు చూసినా.”

“మీ రసంలోనూ తప్పు లేదు మేడం. లేపే నీళ్ళు ఎవరి చేతికిచ్చినారో ఆడుంది తప్పు,” అన్నాడు చెంగలరాయుడు. “నేను గూడా క్యాను ఎత్తుకోని పోయినా. మా అబ్బ చూసుంటే చెంప పగలగొట్టుండేటోడు.”

చెంగలరాయుడి అబ్బ, అంటే తాత, ఆ ఊరి నీరుగంటి. చెరువు నిండే కాలంలో తూము ఎత్తడం, కాలువ వెంట తిరగడం, ఎవరి మడికి ఎన్ని గడియల నీళ్ళో వంతు చెప్పడం నీరుగంటి పని. ఆ వంతుకు రెండు కట్టుబాట్లుండేవి. ఎవరూ తమ మడికి తాము నీళ్ళు తిప్పుకోకూడదు. ఊరంతా పారాక ఆఖరున మిగిలిన నీళ్ళే నీరుగంటి మడికి. నీళ్ళు చాలని ఏడు మొదట ఎండేది నీరుగంటి పైరే. అందుకే అతని మాటకు ఎంత పెద్ద ఆసామి అయినా ఎదురు చెప్పేవాడు కాడు. బోర్లు వచ్చాయి, చెరువు ఎండింది, ఎవరి మోటారు వాళ్ళదైంది. ‘నీరుగంటోళ్ళ చెంగడు’ అన్న పిలుపు మాత్రం మిగిలింది, అది కూడా వెక్కిరింపుకే.

అదంతా విని తస్లీమ్ సర్దిన సీసాల్లో ఒకదాన్ని మళ్ళీ బయటికి తీసింది.

రెండో పంటకు పాలకేంద్రం ముందు ఊరు కూడింది. చెంగలరాయుడు నిలబడ్డాడు. జనం ముందు మాట్లాడి ఎరగడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు మెలిపెట్టాడు.

“ఈసారి లేపే నీళ్ళు ఎవురింట్లోనూ ఉండవు. షెడ్డులో ఉంటాయి. ఏ చేను ఏ పొద్దు లేస్తాదో నేను చెప్తా. నీ చేనుకు నువ్వు పోసుకునేది లేదు. నీ తర్వాత వంతు ఎవరిదో వాళ్ళొచ్చి పోస్తారు.”

“ఓహో! చెరువుకు నీళ్ళు లేకపోయినా నీరుగంటి లేచినాడురా,” అన్నాడు సహదేవరెడ్డి. జనం గొల్లుమన్నారు. “సరే, వంతు చెప్పు. మొదట ఎవరిది? నీదేనా?”

“మొదటిది నీదే రెడ్డీ. నీ కాయ ముందు కాసింది.”

రెడ్డి నవ్వు కొంచెం తగ్గింది. “మరి నీ చేను?”

“ఆఖరు.”

“ఆ మందేదో వికటిస్తే?”

“పండుకోబెట్టేది నాదే ముందు. నాలుగు రోజులు చూడండి. బాగుంటేనే మీరు పెట్టుకోండి. అందరికంటే ముందు పండుకుంటాది, అందరూ లేచినాక లేస్తాది.”

అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక ముసలామె, “వాళ్ళబ్బ గూడా ఇట్లనే అనేటోడు,” అంది. రెడ్డి గొంతు సవరించుకుని, “అయితే రాసుకో,” అన్నాడు.

తస్లీమ్ వేళ్ళ మీద లెక్క వేసింది. ముప్పై నాలుగు చేలు, రోజుకు రెండు, పదిహేడు రోజులు. చెంగలరాయుడి చేను నాలుగు రోజులు ముందు నిద్రపోతుంది. అంతా సక్రమంగా జరిగితే దాని వంతు సరిగ్గా ఇరవై ఒకటో రోజుకు వస్తుంది. ఒక్క రోజు కూడా మిగులు లేదు. 

నిద్ర పెట్టిన రెండో రోజుకు చేను బూడిదరంగుకు తిరిగింది. గాలి వీచినా ఆకు కదలదు. కాయ రాయిలా గట్టిగా, పచ్చగా ఉంది. సిద్ధమ్మ రోజూ పొద్దున్నే గట్టు మీద దీపం పెట్టి, లోపలికి అడుగుపెట్టకుండా తిరిగొచ్చేది.

“లోపలికి పోతే ఏమవుతాది మే?”

“పండుకున్న బిడ్డ కాడ అలికిడి చేస్తారా ఎవరైనా?”

నాలుగు రోజుల తర్వాత ఊరు నిద్రపోయింది. ఆ తర్వాత వంతులు మొదలయ్యాయి. సహదేవరెడ్డి చేను లేచింది. మూడో రోజు ఆకు విచ్చుకుంటే ఆయన పది ఎకరాల గట్లన్నీ చెప్పులు లేకుండా తిరిగాడు. రోజుకు రెండు చేలు, ఒకదాని వెనక ఒకటి, కలిపి కుట్టినట్టు లేస్తూ పోయాయి. ఊజీ పురుగు ఊరి మీదుగా పోయి పక్క ఊళ్ళను పట్టింది. రోజూ తప్పకుండా రెండు లోడ్లు దిగుతుంటే, మండీ వ్యాపారి ఒకాయన ఫోను చేసి, “మీ ఊరి సరుకంతా నాకే ఇవ్వండి, రేటు కిందికి పోనివ్వను,” అన్నాడు.

పదమూడు రోజులు అలా గడిచాయి. ఇరవై ఆరు చేలు లేచాయి. అప్పుడు వాయుగుండం వచ్చింది.

నాలుగు రోజులు ఆకాశం ఊడిపడినట్టు కురిసింది. ఊరి ముందు వంక పొంగి కాజ్‌వేను సగం కొరికేసింది. లారీ రాదు, బాక్సు పోదు. చుట్టుపక్కల ఊళ్ళలో పండిన కాయ పండినట్టే పగిలి, బురదలో కరిగిపోయింది. కొత్తబండపల్లెలో లేచిన చేలల్లో పండినది వానకు ముందే మండీకి పోయింది, మిగతాది ఇంకా పచ్చికాయే. నిద్రపోతున్న చేలు మాత్రం వాన తమ మీద కాదు, ఎక్కడో కురుస్తున్నట్టు ఊరుకున్నాయి. ఒక్క కాయ పగల్లేదు. జనం గొడుగులు వేసుకుని వచ్చి, నమ్మలేక, కాయలను చేత్తో తడిమి చూసుకున్నారు.

ఆ నాలుగు రోజులూ వంతులు ఆగిపోయాయి.

ఐదో రోజు ఎండ వచ్చింది. చెంగలరాయుడి చేనుకు అది ఇరవై ఒకటో రోజు. దాని ముందు ఇంకా ఎనిమిది చేలున్నాయి. కాజ్‌వే మీద ఒక ట్రాక్టరు పోయేంత దారి మిగిలింది, రోజుకు రెండు లోడ్లకు మించి దాటదు. ఎక్కడా కాయ లేక మండీలో రేటు చెట్టెక్కి కూర్చుంది.

తస్లీమ్ బురదలో చెప్పులు చేత పట్టుకుని అతని చేను గట్టుకు వచ్చింది. ఆమె రెండో చేతిలో క్యాను ఉంది.

“అన్నా, ఈ పొద్దే పోసేస్తా. మిగతా వాళ్ళకు ఇంకా నాలుగు రోజుల గడువుండాది. నీకు లేదు. ఇది నా మందు, నేను చెప్తాండా.”

“ఎనిమిదిమంది ఉండారు మేడం ముందర.”

“నీ ఒక్క చేను లేస్తే ఎవరికి నష్టం?”

చెంగలరాయుడు గట్ల వైపు చూపించాడు. ఆ ఎనిమిది చేలవాళ్ళూ ఎవరి గట్టు మీద వాళ్ళు నిలబడి ఇటే చూస్తున్నారు.  

“నేను వంతు దాటితే వాళ్ళు పది నిమిషాలు గూడా ఆగరు. ఎనిమిది చేలూ ఒక్కసారి పండుతాయి. వంక దాటేది రెండు లోడ్లే. ఆర్నెల్ల కష్టం ఈ ఒడ్డునే కుళ్ళిపోతాది. మళ్ళీ ఏ పంటకూ ఎవరి మాటా ఎవరూ వినరు.”

“నీ నేల పోతాదన్నా!”

సిద్ధమ్మ ఆ మాట విన్నది. దీపపు కుంది గట్టు మీద పెట్టి భర్త ముందుకు వచ్చి నిలబడింది.

“పదకొండేండ్లు నేను ఏరిన రాళ్ళు ఆ కుప్పలో ఉండాయి, పోయి చూడు. నీరుగంటోళ్ళంట! మీ అబ్బకు ఏమిచ్చినారు ఈ ఊరోళ్ళు? ఊరి బయట గుడిసె ఇచ్చినారు. పోయమను ఆ నీళ్ళు.”

“సిద్ధమ్మా...”

“పేరు పెట్టి పిలవద్దు నన్ను.”

 అతను చేను వైపు తిరిగి, ముడుచుకున్న ఒక ఆకును వేలితో తాకాడు. చల్లగా ఉంది. బతికుందో లేదో అతనికీ తెలియదు.

“క్యాను తీసకపోండి మేడం,” అన్నాడు చివరికి. “ఈ పొద్దు వంతు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది.”

తస్లీమ్ ఏడుస్తూనే వెళ్ళి ఆ రెండు చేలకు నీళ్ళు ఇప్పించింది. మిగతా ఆరుగురు గట్ల మీద నుంచి నెమ్మదిగా దిగి ఇళ్ళకు పోయారు.

ఆ రోజు నుంచి సిద్ధమ్మ అతనితో మాట్లాడలేదు. కంచం ముందు పెట్టి పక్కకు పోయేది. దీపం పెట్టడం మాత్రం మానలేదు. ‘తల్లీ, నేను తప్పు చేసుంటే నాకు చెప్పు, చెట్లకు చెప్పొద్దు,’ అని చెంగలరాయుడు మనసులోనే మొక్కుకున్నాడు. అది సరైన మొక్కో కాదో కూడా అతనికి తెలియలేదు.

ఇరవై ఐదో రోజు అతని వంతు వచ్చింది. తన చేనుకు తాను పోసుకోకూడదు, తర్వాతి వంతు అంటూ ఎవరూ లేరు. ఎవరు పోయాలని జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే సహదేవరెడ్డి పంచె ఎగగట్టుకుని ముందుకొచ్చాడు.

“మొదటి వంతు తిన్నోడే ఆఖరి వంతు పొయ్యాల. మా నాయన చెప్పేటోడు. ఇట్లియ్యి నీరుగంటీ.”

ఆ పిలుపులో వెక్కిరింపు లేదు.

నీళ్ళు పారాయి. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. తస్లీమ్ షెడ్డుకు పోకుండా గట్టు మీదే గొడుగు వేసుకుని కూర్చుంది. మూడో రోజు కూడా ఆకులు అలాగే ఉన్నాయి. పొద్దు వాలేటప్పటికి గట్టు మీద జనం పలచబడ్డారు. కోళ్ళషెడ్డుకు కొలతలు తీయడానికి టేపు పట్టుకుని రేపు వస్తానని భూమి ఆసామి కబురు పంపాడు.

నాలుగో రోజు పొద్దున సిద్ధమ్మ దీపం పెట్టడానికి పోయి, మొట్టమొదటిసారి చేలోకి దిగింది. దిగినామె వెనక్కి రాలేదు. చెంగలరాయుడు చేలోకి పరిగెత్తాడు. ఆమె వరుస మధ్యలో కూలబడి ఉంది.

“ఏమయింది మే?”

“చూడయ్యా,” అంది. వారం రోజుల తర్వాత అదే మొదటి మాట. “ఒళ్ళు ఇరుచుకుంటాండాయి.”

తూర్పు వైపు వరుసల్లో ఆకులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. బూడిదరంగు కింద నుంచి పచ్చదనం ఊరి వస్తోంది. మధ్యాహ్నానికి చేలో ముప్పాతిక భాగం నిలబడింది. పల్లం వైపు, వాననీళ్ళు నిలిచిన తొమ్మిది వరుసలు మాత్రం లేవలేదు. సాయంత్రానికి అవి నల్లబడ్డాయి. సిద్ధమ్మ ఆ వరుసల దగ్గరికి కూడా పోయి ఒక్కో చెట్టును తాకి వచ్చింది.

“రాసుకోండి మేడం,” అన్నాడు చెంగలరాయుడు. “ఇరవై ఐదు రోజులకు తొమ్మిది వరుసలు లేవలేదని రాయండి. తర్వాతోళ్ళకు తెలియాల.”

తస్లీమ్ రాసుకుంది. ఇంకొకటి కూడా రాసుకుంది, సిద్ధమ్మ చెప్పింది: నిద్రపోయి లేచిన కాయకు పులుపు తక్కువ, పప్పులోకి రెండు రెబ్బలు చింతపండు ఎక్కువ పడుతుంది. మందు పూర్తిగా తయారవలేదని, ఇంకా పని ఉందని తస్లీమ్‌కు అప్పుడు తెలిసింది.

ఆసామి వచ్చాడు. టేపు జేబులోంచి తీయలేదు. పచ్చబడుతున్న చేను చుట్టూ ఒకసారి తిరిగి, ఆ తొమ్మిది నల్లవరుసల దగ్గర ఆగి, “ఇది నాలుగు రోజులు ముందే లేపుకోనుంటే ఇవి గూడా నిలబడుండేవి గదా?” అన్నాడు.

“నిలబడుండేవి సామీ. ఊరు పడిపోయుండేది.”

ఆసామి బండెక్కాడు. వారం తర్వాత ఐదేళ్ళకు కౌలుకాగితం రాసి పంపాడు.

ఆ ఏడు కొత్తబండపల్లె టమాటా ఒక్క బాక్సు కూడా రోడ్డు పక్కన పడలేదు. వ్యాపారులు మండీ నుంచి కదిలి ఊరికే వచ్చారు. ఆఖరి లోడు పోయిన రోజు ట్రాక్టరుకు పసుపుకుంకుమ పెట్టి, గంగమ్మకు ఊరంతా కలిసి పొంగళ్ళు పెట్టింది. మొదటి పొంగలి కుండ నీరుగంటి ఇంటి నుంచి రావాలని సహదేవరెడ్డే అన్నాడు. సిద్ధమ్మ కుండ నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు నడిచింది.

పొంగళ్ళు ఇంకా ఉడుకుతుండగానే వంక అవతలి ఊరివాళ్ళు పదిమంది ట్రాక్టరులో దిగారు. వాన దెబ్బకు చేలన్నీ పోగొట్టుకున్నవాళ్ళు. నేరుగా తస్లీమ్ దగ్గరికి పోయి రసం కావాలని అడిగారు. ఆమె చెంగలరాయుడి వైపు చూపించింది.

“రసం మేడం ఇస్తాది. అది పెద్ద పని గాదు,” అన్నాడతను. “మీ ఊళ్ళో నీరుగంటోళ్ళు ఎవరన్నా మిగిలుండారా?”

 వాళ్ళందరిలోకీ పెద్దాయన తల గోక్కున్నాడు.

“ఒకడు ఉండాడప్పా. బెంగుళూరులో ఏదో బ్యాంకు ముందర వాచ్‌మెన్‌గా ఉండాడు. వాళ్ళమ్మ, ఆ అరెకరా చేను మాత్రం ఊళ్ళోనే ఉండాయి.”

“పిలిపించండి,” అన్నాడు చెంగలరాయుడు. “ఊరికే కాదు, మర్యాదగా పిలిపించండి. ఒక మాట మాత్రం ముందే చెప్పండి వానికి. ఆ అరెకరా ఆఖరు.”